నడీన్ వేసిన గ్రేడు

నడీన్ ఫ్రీజ్ చేత నంబర్ వన్ అనిపించుకోవాలంటే గోధుమలు బాగుంటే చాలదు, వాటి తాతముత్తాతలు కూడా బాగుండి ఉండాలని ఆ కౌంటీ రైతులు అనుకుంటారు. పడమటి కాన్సస్‌లో రైలు పట్టాల పక్కన, చర్చి గోపురం కన్నా ఎత్తుగా నిలబడ్డ తెల్లటి గోదాం ఒకటుంది. దాని కాటా గదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా జూన్ వచ్చిందంటే నడీన్ ఉండాల్సిందే. కాటా మీదికి లారీ ఎక్కగానే పొడవాటి ఇత్తడి గొట్టం పట్టుకుని అరుగెక్కుతుంది. గోధుమల్లోకి ఆరు చోట్ల గుచ్చి తీస్తుంది. పళ్లెంలో పోసి వాసన చూస్తుంది, తేమ చూస్తుంది, తాలు ఏరుతుంది, బుషెల్ అనే కొలతకు గింజలు ఎన్ని పౌండ్లు తూగుతాయో చూస్తుంది. అరవై తూగితే వన్. యాభై ఎనిమిది తూగితే టూ. మరి యాభై తొమ్మిదిన్నర? అదీ టూయే.

"యాభై తొమ్మిదిన్నరంటే అరవై కిందే లెక్క కదా నడీన్" అని కిటికీ దగ్గర బతిమాలినవాళ్లకు లెక్కలేదు.

"అరవై అయితే కాటా అరవై అనే చూపించేదండీ" అంటుంది. చీటీ చింపి చేతిలో పెడుతుంది. అంతే.

ఈ మొండితనం పుట్టుకతో వచ్చింది కాదు. టీచరు కోర్సులో చేరి, ఒక్క టర్ము చదివి, క్లాసులో కూర్చోలేక ఇంటికొచ్చేసిన పంతొమ్మిదేళ్ల పిల్లను ఆమోస్ అనే ముసలాయన పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. ఆయన చెప్పినవి రెండే ముక్కలు. గింజలు చూడు, లారీ ఎవరిదో చూడకు. దించేసిన లారీకి మళ్లీ గ్రేడు వేయకు. మూడో ఏడు ఓరిన్ ఫ్రీజ్ అనే కుర్రాడి లారీకి ఆమె టూ వేసింది. అతను దెబ్బలాటకు వచ్చాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. గోధుమలు అయిపోయాక కూడా వస్తూనే ఉన్నాడు. పెళ్లయ్యాక మొదటి పంటకు ఆయనకు మళ్లీ టూయే పడింది. ఆ చీటీని ఓరిన్ ఇప్పటికీ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంచాడు, చుట్టాలొస్తే చూపించడానికి.

వాళ్లకు ఒక్కతే కూతురు, కెజియా. ఆ పిల్ల ఎనిమిదో క్లాసు దాటిన ఎండాకాలంలోనే ఊళ్లో హైస్కూలు మూసేశారు. పిల్లలు చాలడం లేదన్నారు. పక్క ఊరి స్కూలుకు బస్సులో గంటంపావు, రావడానికి మరో గంటంపావు. "రోజుకి రెండున్నర గంటలు కిటికీలోంచి గడ్డి చూడ్డానికా నేను పిల్లని కన్నది" అంది నడీన్. ఇంటి బడి పెట్టేసింది. రాష్ట్రం వాళ్లు బడికి ఒక పేరు కావాలన్నారు. ఓరిన్ నవ్వుతూ 'ఫ్రీజ్ అకాడమీ' అని రాసి పంపాడు. ఒక విద్యార్థిని, ఒక టీచరు, వంటింటి బల్ల. ఆ టీచరే ప్రిన్సిపాలు కూడా. ఆకలేస్తే భోజనశాలా అదే.

చుట్టుపక్కల ఇంటి బడి నడిపే కుటుంబాలు పదకొండు. శుక్రవారాలు అందరూ చర్చి హాల్లో కలిసి పాటలు, ఆటలు నేర్పుకునేవాళ్లు. ఆ తల్లుల మార్కుల పుస్తకాల్లో అన్నీ 'ఏ'లే. ఊళ్లో జనం దానికి 'అమ్మ మార్కులు' అని పేరు పెట్టారు. అమ్మ వండింది, అమ్మే రుచి చూసింది, అమ్మే బ్రహ్మాండమంది అని వెక్కిరింత. ఆ మాట నడీన్ చెవిన పడిన రోజే మార్కుల పుస్తకం మొదటి పేజీలో తొంభై అయితే 'ఏ', ఎనభై అయితే 'బీ', డెబ్భై అయితే 'సీ' అని రాసి, కింద సంతకం పెట్టి, కెజియా చేత కూడా పెట్టించింది. కెమిస్ట్రీలో కెజియాకు ఎనభై తొమ్మిది వచ్చింది. జామెట్రీలో ఎనభై ఎనిమిది. రెండూ 'బీ'. ఇక పాట. కెజియా గొంతు విప్పితే పియానో వాయించే ఆవిడ చేతులు ఆగిపోయేవి. రెండేళ్లు పాడింది. రెండేళ్లూ 'సీ'.

"సొంత కూతురికి సీ వేసే తల్లి ఉంటుందా ఎక్కడైనా" అన్నాడు ఓరిన్.

"సొంత మొగుడికి టూ వేసిన దాన్ని" అంది నడీన్.

కెజియా ఒక్కసారి కూడా గొణగలేదు. తప్పు ఎక్కడుందో చూసుకుని, రేపటికి మళ్లీ రాస్తానని చెప్పి పుస్తకం మూసేది. ఆ పిల్ల మనసంతా పిండి మీద ఉంది. తల్లి పక్కన కాటా గదిలో కూర్చుని, గింజను పంటితో కొరికి ఇందులో ఎంత జిగురుందో చెప్పే పిల్ల. ఏ గోధుమకి రొట్టె పొంగుతుంది, ఏ గోధుమకి చతికిలబడుతుంది, మరలో రాళ్లెలా తిరగాలి, జల్లెడ ఎంత సన్నగా ఉండాలి, అవన్నీ నేర్పే మిల్లింగ్ కోర్సు ఒకటి రాష్ట్రం కాలేజీలో ఉంది. ముప్ఫై సీట్లు. పరీక్ష రాసింది. వెయిటింగ్ లిస్టులో ఆగింది. ఆ ఏడాదికి ఇక రాదనుకుని తల్లీ కూతురూ ఆ మాటే ఎత్తడం మానేశారు.

జూన్ పద్దెనిమిది. కోతలు జోరందుకున్న మొదటి రోజు. కాటా నుంచి హైవే దాకా లారీలు బారులు తీరాయి. గడియారం రెండు కొట్టబోతుండగా ఆ లారీల పక్కనుంచి కెజియా సైకిలు మీద దూసుకొచ్చింది. సైకిల్ని గోడకేసి పడేసి, ఒక చేత్తో మార్కుల పుస్తకం, ఇంకో చేత్తో అచ్చు వేసిన కాగితం పట్టుకుని లోపలికి వచ్చిపడింది. ముఖం ఎర్రగా కమిలిపోయింది.

"ఏమే, నాన్నకేమైనా అయిందా?" నడీన్ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది.

"నాన్నకేం కాలేదు. కాలేజీ వాళ్లు ఫోన్ చేశారమ్మా. టాలివర్ అని, సీట్లు చూసే మేడమ్. ఎవరో సీటు వదులుకున్నారట. నా ముందున్న ఇద్దరూ వేరే చోట చేరిపోయారట. నాదే. నాలుగేళ్ల మార్కుల పట్టిక నాలుగింటిలోపు పంపమంది. రేపు పొద్దున లిస్టు మూసేస్తారట."

"ఇవాళ నాలుగింటికా?"

"ఇవాళే. అన్నీ నింపేశానమ్మా, క్రెడిట్లు, గ్రేడ్లు, అన్నీ. అన్నిటి సగటు, జీపీఏ, ఒక్కటే ఖాళీ. అది నువ్వు వేసి, ప్రిన్సిపాలుగా సంతకం పెట్టాలి. నోటరీ ముద్ర కూడా కావాలి. ఇంకోటి..." పిల్ల ఊపిరి పీల్చుకుంది. "మూడున్నర ఉండాలట. మూడున్నరకి ఒక్క చుక్క తగ్గినా కుదరదట."

నడీన్ కూతురి భుజం పట్టి ఊపేసింది. అంతలో బయట హారన్ మోగింది. గ్రేడు వేసే లైసెన్సు ఆ గోదాంలో ఆమెకొక్కదానికే ఉంది. ఆమె కదిలితే హైవే దాకా ఉన్న లారీలన్నీ నిలబడిపోతాయి.

"కూర్చో. ఆ లెక్కల మిషన్ ముందు కూర్చో. 'ఏ'కి నాలుగు, 'బీ'కి మూడు, 'సీ'కి రెండు. ఒక్కోటి కొట్టుకుంటూ పో. నేను మళ్లీ వచ్చి సరిచూస్తా" అంటూ గొట్టం పట్టుకుని అరుగు మీదికి పరిగెత్తింది.

ఆ తర్వాత ముప్పావుగంట ఆ గదిలో పరుగే పరుగు. నడీన్ లారీలో గొట్టం గుచ్చి వచ్చేది, గింజలు కాటాలో పోసేది, కూతురి భుజం మీంచి కాగితం చూసేది. "ఇంగ్లీషు నాలుగేళ్లూ కొట్టావా? జర్మన్ రెండేళ్లు? టైపింగ్ మర్చిపోకు." చీటీ చింపేది, మళ్లీ అరుగెక్కేది. లెక్కల మిషన్ టకటకలాడుతూ కాగితపు చుట్ట బయటికి కక్కుతోంది. మొత్తం ఇరవై నాలుగు వరసలు. సైన్సు, లెక్కలు, చరిత్ర లాంటి ఏడాది పొడుగు చదువులు పదిహేడు. ఆరోగ్యం, ఆటలు, టైపింగ్, ఉపన్యాసం, పాట లాంటి చిల్లర చదువులు ఏడు.

మొత్తం పాయింట్లు ఎనభై రెండు. ఇరవై నాలుగుతో భాగించింది కెజియా.

మూడు పాయింట్ నాలుగు ఒకటి.

నడీన్ చుట్ట లాక్కుని తానే మొదట్నుంచీ కొట్టింది. అదే అంకె. కెజియా కాగితపు చుట్టను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

గోదాం మేనేజర్ డ్వైట్ పక్క గదిలోంచి తొంగి చూశాడు. కౌలు కాగితాల కోసం రైతులు ఆయన దగ్గరికే వస్తారు కాబట్టి ఊళ్లో నోటరీ ముద్ర ఉన్నది కూడా ఆయనకే. ముద్ర చేత్తో పట్టుకునే వచ్చాడు, పాపం. సంగతి విని పుస్తకం తిప్పి చూశాడు.

"ఎనభై తొమ్మిది. ఎనభై ఎనిమిది" అని వేలు పెట్టి చూపించాడు. "నడీన్, ఈ రెండు బీలూ ఏలు చేసెయ్యి. సరిగ్గా మూడున్నర. నీ బడి, నీ పుస్తకం, నీ పెన్ను. అడిగేవాడెవడు?"

"మొదటి పేజీ అడుగుతుంది" అంది నడీన్.

"అబ్బా, ఒక్క మార్కు. ఒక్క మార్కు ఎవరి కొంప ముంచుతుంది?"

"కెమిస్ట్రీ అయిపోయి రెండేళ్లయింది డ్వైట్ గారూ. దించేసిన లారీకి మళ్లీ గ్రేడు వేయను."

"ఇది లారీ కాదు, నీ కూతురు."

నడీన్ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల 'వెయ్యమ్మా' అంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. పెన్ను బల్ల మీదే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లలో తొలిసారి ఒక అంకె మీద ఆమెకు ఆశ పుట్టింది.

కెజియా పెన్ను తీసి జేబులో పెట్టుకుంది. "అది వేస్తే నేను రోజూ ఆ క్లాసులో కూర్చుని, తొంభై అని చెప్పుకునే ఎనభై తొమ్మిదిలాగే ఉంటానమ్మా. వద్దులే. వచ్చే ఏడాది మళ్లీ రాస్తా."

బయట హారన్ ఆపకుండా మోగింది. వచ్చింది వర్జిల్ ఎడిగర్. డెబ్భై రెండేళ్లు, నాలుక రెండు వైపులా పదును. మూడేళ్లుగా నడీన్ వేసిన ప్రతి టూకీ పేరు పేరునా తిట్లు తిట్టినవాడు. ఇవాళ పొద్దున్నే ఆయన ఐదు పెద్ద లారీలకు వరసగా వన్ పడితే, కిటికీ పట్టుకుని నిలబడి, "నీ వంట్లో బాగానే ఉందా అమ్మాయ్" అని అడిగి మరీ వెళ్లాడు. ఇప్పుడు పాత చిన్న ట్రక్కు తెచ్చాడు. వాగు పక్కన కలుపులో మిగిలిన ముక్క కోసుకొచ్చిన సరుకు. ముప్పాతిక పచ్చి గింజలే.

నడీన్ గొట్టం గుచ్చింది. చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి, మనసు వంటింటి బల్ల దగ్గరుంది. యాభై ఆరు తూగింది.

"త్రీ" అని చీటీ రాసింది.

"త్రీనా?" వర్జిల్ కిటికీలోకి తల దూర్చాడు. "మూడేళ్లకి ఒక్కసారి నా పొలానికి మంచి పేరొచ్చింది, సాయంత్రం దాకైనా ఉండనివ్వవా? ఐదు చీటీలు వన్, ఒక చీటీ త్రీ. ఇప్పుడందరూ ఏమంటారు? వర్జిల్ గోధుమల్లో ఆరింట ఒక వంతు దండగ అంటారు."

"ఎందుకంటారండీ?" నడీన్ విసుగ్గా అంది. ఈ మాట ఏడాదికి ఇరవైసార్లైనా చెబుతుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "చీటీలు ఎవరూ లెక్కపెట్టరు. బుషెళ్లు లెక్కపెడతారు. తొమ్మిది వందల బుషెళ్ల లారీకీ ఒకటే చీటీ, ఈ వంద బుషెళ్ల బండికీ ఒకటే చీటీ. అంత మాత్రాన రెండూ సమానం ఎలా..."

మాట మధ్యలో తెగిపోయింది.

"సమానం ఎలా, ఏంటి? చెప్పు" అన్నాడు వర్జిల్.

నడీన్ కిటికీలోంచి ఆయన వైపు చూస్తోంది కానీ ఆయన్ను చూడటం లేదు. చేతిలో చీటీల పుస్తకం కింద పడింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"కెజియా, చీటీలు లెక్కపెట్టామే."

"ఏంటమ్మా?"

"ఇరవై నాలుగుతో భాగించావు. నేనూ ఇరవై నాలుగుతోనే భాగించాను. అవి చీటీలే, వరసలు. బుషెళ్లు కావు. క్రెడిట్ గళ్లో ఏం రాసుంది చూడు. కెమిస్ట్రీకి ఒకటి. పాటకి అర. టైపింగ్‌కి అర. ఆ అర బండ్లన్నిటినీ పెద్ద లారీల పక్కన నిలబెట్టి ఒకే లెక్క కట్టేశాం."

కెజియా కుర్చీ లాక్కుని మిషన్ ముందు కూలబడింది. వర్జిల్ ఏమైందో తెలియకపోయినా ట్రక్కు ఇంజన్ ఆపేసి లోపలికే వచ్చేశాడు. డ్వైట్ కూడా వచ్చాడు. ఉన్న గది మంచమంత, మనుషులు నలుగురు.

"ఒక క్రెడిట్ చదువులు పదిహేడు" అంది నడీన్. "అందులో ఏలు పదకొండు, బీలు ఆరు. కొట్టు."

"నలభై నాలుగు, పద్దెనిమిది. అరవై రెండు."

"అర క్రెడిట్ చదువులు ఏడు. పాయింట్లు ఇరవై. సగానికి?"

"పది. మొత్తం డెబ్భై రెండు."

"క్రెడిట్లు?"

"పదిహేడూ, మూడున్నరా. ఇరవైన్నర."

టక్కుమంది మిషన్. కాగితం మీద అంకె పడింది. నలుగురూ ఒకేసారి వంగారు, వర్జిల్ టోపీ డ్వైట్ ముక్కుకి తగిలింది.

మూడు పాయింట్ అయిదు ఒకటి.

"వచ్చేసింది" అంది కెజియా, గుసగుసగా. తర్వాత గట్టిగా, "అమ్మా, వచ్చేసిందే" అని లేచి తల్లి మెడ చుట్టూ చేతులేసింది. నడీన్ నవ్వుతోందో ఏడుస్తోందో పక్కవాళ్లకు తెలియలేదు. ఎంత దొంగ లెక్క కట్టబోయిందో, దొంగ కాని లెక్క ఎంత దగ్గర్లో ఉందో తలచుకుని కూతుర్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నా బండి త్రీయే మీకు దారి చూపించింది, గుర్తుంచుకోండి" అన్నాడు వర్జిల్. "దానికి వన్ వేసేస్తే ఈ పాటికి పిల్ల ఇంట్లో అంట్లు తోముతూ ఉండేది."

డ్వైట్ ముద్రకు సిరా అద్దాడు. నడీన్ కూతురి జేబులోంచి పెన్ను తీసింది. మూడూ పదమూడు అయింది టైము. పెన్ను కాగితం మీద ఆనబోతుండగా కెజియా చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, ఒక్క నిమిషం. పదో క్లాసు పాటకి పుస్తకంలో అర క్రెడిట్టే రాశావు. కానీ ఆ ఏడాది మనం క్రిస్మస్ పాటలకీ వెళ్లాం, ఈస్టర్ పాటలకీ వెళ్లాం. రెండు టర్ములూ. అరా, ఒకటా?"

వర్జిల్ తల పట్టుకున్నాడు. "నోరు మూసుకో పిల్లా. దేవుడి దాకా వచ్చాక గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెడతావేంటి?"

నడీన్ పక్క కాగితం మీద లెక్క వేసింది. ఆ ఒక్క 'సీ' ఒకటి అయితే పాయింట్లు డెబ్భై మూడు, క్రెడిట్లు ఇరవై ఒకటి. మూడు పాయింట్ నాలుగు ఏడు. మళ్లీ మొదటికి. బయట లారీవాళ్లు హారన్లు కొడుతున్నారు, ఎవరికీ పట్టడం లేదు.

"నూట ఇరవై గంటలు చదివితే ఒకటి, అరవై గంటలు చదివితే అర. అది కదా మన రూలు" అంది నడీన్. "గంటల పుస్తకం తెచ్చావా?"

"వెనక పేజీల్లో ఉంది."

నడీన్ వేలు పేజీ మీద పాకింది. సెప్టెంబరు, రెండు గంటలు. రెండు గంటలు. మంచు పడింది, సున్నా. రెండు గంటలు. కెజియా వెనకాలే లెక్కపెడుతోంది, వర్జిల్ వేళ్లు మడుస్తున్నాడు, పది దాటాక డ్వైట్ వేళ్లు అరువు తీసుకున్నాడు. ఫిబ్రవరిలో ఫ్లూ జ్వరం, మూడు వారాలు సున్నా. ఏప్రిల్‌లో ఈస్టర్ ముందు మళ్లీ రెండేసి.

"ముప్ఫై ఒక్క వారాలు" అంది నడీన్. "వారానికి రెండు. అరవై రెండు గంటలు."

"అంటే?" అన్నాడు వర్జిల్.

"అర. కచ్చితంగా అర." ఆమె అప్పటికే సంతకం పెట్టేస్తోంది. ప్రిన్సిపాల్, ఫ్రీజ్ అకాడమీ అని కింద రాసింది. డ్వైట్ ముద్ర గట్టిగా గుద్దేసరికి బల్ల మీద గోధుమ గింజలు ఎగిరిపడ్డాయి. ఆఫీసులో స్కానర్ రెండుసార్లు మొరాయించి మూడోసారి కదిలింది. కాగితం వెళ్లిపోయింది. మూడూ ముప్ఫై నాలుగు.

ఆ తర్వాత నడీన్ మళ్లీ గొట్టం పట్టుకుని అరుగెక్కింది. వర్జిల్ తన ట్రక్కు దింపుకుని వెళ్లకుండా గోదాం నీడలో నిలబడ్డాడు. ఆగి ఉన్న లారీలవాళ్లకు సంగతి ఆయనే చెప్పి ఉంటాడు, ఎందుకంటే ఇందాకటి దాకా హారన్లు కొట్టినవాళ్లు ఇప్పుడు కిటికీ దగ్గరకొచ్చి గ్రేడు అడగడం మానేసి, "ఫోనొచ్చిందా?" అని అడుగుతున్నారు. ఒకతనికి టూ పడింది, చూసుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు. నడీన్ ఉద్యోగంలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

నాలుగింటికి ఆరు నిమిషాలు ఉందనగా ఫోను మోగింది. కెజియా తీసి, తల్లి చెవి దగ్గర పెట్టింది. నడీన్ రెండు చేతుల్లోనూ గోధుమలున్నాయి మరి.

"టాలివర్‌ని మాట్లాడుతున్నానండీ. ప్రిన్సిపాల్ గారున్నారా?"

"నేనేనండీ."

"టీచరు గారు?"

"అదీ నేనే."

"తల్లి గారు కూడా మీరే అయ్యుంటారు" అంది టాలివర్ మేడమ్. గొంతులో నవ్వుంది. "ఒక చిన్న సందేహం. ఈ పాటల క్లాసులో రెండేళ్లూ సీ అని ఉంది. అచ్చు తప్పేమైనా పడిందేమోనని అడుగుతున్నా."

"తప్పేం కాదండీ. సీయే" అంది నడీన్.

అవతల కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ఇంటి బడి పట్టికలు ఈ సీజన్లో వందకు పైగా చూశాను. తల్లి చేతి సీ ఇదే మొదటిది. క్రెడిట్ల లెక్క నేను కూడా కట్టి చూశానండీ. మూడు పాయింట్ అయిదు ఒకటి సరిపోయింది. అమ్మాయికి చెప్పండి, ఆగస్టు పందొమ్మిదిన క్లాసులు మొదలు. జుట్టు ముడేసుకుని రమ్మనండి, మిల్లులో జుట్టు విరబోసుకోకూడదు."

నడీన్ చేతుల్లో గోధుమలు జారిపోయాయి. గది నిండా చెల్లాచెదురయ్యాయి. తల ఊపింది, ఫోనులో తల ఊపితే కనబడదని గుర్తొచ్చి, "చెబుతానండీ" అంది. కెజియా అప్పటికే ఫోను తల్లి చేతిలో పెట్టి, అరుగు మీదికి ఉరికి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. చెప్పక్కర్లేకపోయింది. ముందు వర్జిల్ ట్రక్కు హారన్ మోగింది. తర్వాత దాని వెనక లారీ, దాని వెనక లారీ. చప్పుడు హైవే దాకా పాకిపోయింది. మూడు మైళ్ల అవతల పొలంలో కోత మిషన్ మీదున్న ఓరిన్ అది విని, గోదాం తగలబడుతోందనుకుని మిషన్ ఆపి దిగాడట. ఆ మాట చెప్పి రాత్రి భోజనాల దగ్గర అందర్నీ నవ్వించాడు.

నడీన్ మాత్రం గది తలుపు దగ్గరే నిలబడి ఊడ్చే చీపురు కోసం వెతికింది, దొరకలేదు, వెతకడం మానేసింది. ముఖం తుడుచుకుంది. నలభై ఏడేళ్ల వయసులో, గోధుమ దుమ్ములో, ఒక్క విద్యార్థినితో మూతబడబోతున్న బడికి ప్రిన్సిపాలుగా, ఆమెకు గాల్లో తేలినట్టుంది.

"గొట్టం ఇటియ్యమ్మా, తర్వాతి లారీ నేను గుచ్చుతా. నువ్వు గ్రేడు వెయ్యి" అంది కెజియా. తల్లి చేతిలోంచి ఇత్తడి గొట్టం లాక్కుని లారీ మీదికి వంగింది. గుచ్చుతూ, ఆనందం పట్టలేక, ఈస్టర్ పాట అందుకుంది. నోరారా, గొంతెత్తి, కాటా గది రేకులు అదిరేలా.

వర్జిల్ ట్రక్కు ఎక్కబోతూ ఆగిపోయాడు. టోపీ తీసి ఆ పాటను ఒక చరణం మొత్తం, ఓపిగ్గా, ముఖం చిట్లించుకుని విన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి నడిచొచ్చి, ఎవరికీ వినబడకుండా తల లోపలికి పెట్టాడు.

"అమ్మాయ్. ఇన్నేళ్లూ నిన్ను పిసినారివని తిట్టాను. ఇవాళ తెలిసింది. ఈ పాటకి సీయా? నువ్వు బతుకులో ఒక్కసారి గ్రేడు ఎక్కువేశావు."

నడీన్ చీటీల పుస్తకం మీద పడ్డ గింజలు దులిపింది. కూతురి పాటలో ఇంకో చరణం మొదలైంది.

"అయిపోయింది వర్జిల్ గారూ" అంది. "దించేసిన లారీకి నేను మళ్లీ గ్రేడు వేయను."